గ పళ్లెం

మెదక్ రోడ్డులోని కాశీ గ్లోబల్ హైస్కూల్ ఆవరణలో ‘గ’ అనే అక్షరాన్ని సోమవారం ఉదయం తొమ్మిది నుంచి నిషేధించడమైనది. ఈ మేరకు కరస్పాండెంటు కాశీనాథం గారు సర్క్యులర్ జారీ చేశారు. విద్యార్థులు, టీచర్లు, ఆయాలు, వ్యాను డ్రైవర్లు ఇకమీదట గా, గీ, గది, గిది, గాడ, గీడ, గట్ల, గిట్ల వగైరా మాటలు పలకరాదనీ, వాటి స్థానంలో ఆ, ఈ, అది, ఇది అని మర్యాదస్తుల్లా పలకాలనీ, వీలైతే ఏమీ పలకకుండా ఉండడం ఇంకా మంచిదనీ అందులో ఉంది. సిద్దిపేట తల్లిదండ్రులు దీన్ని ముక్తకంఠంతో స్వాగతించారు. ఇంట్లో మాట్లాడే మాట పిల్లల నోట్లోంచి పోవాలనే కదా వాళ్లు ఆ బడిలో చేర్పించింది.

సర్క్యులర్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి స్టాఫ్‌రూములో అందరూ దాన్ని గౌరవించారు. ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పే ఎస్తేర్ మాత్రం రెండుసార్లు చదివింది. మొదటిసారి సంగతి తెలుసుకోవడానికి, రెండోసారి అలవాటు కొద్దీ. ‘ఏ’ ఉండాల్సిన చోట్లు నాలుగు, ‘ది’ ఉండాల్సిన చోట్లు ఏడు, మొత్తం పదకొండు చోట్ల ఏమీ లేదు. ఎర్ర పెన్ను మూత తీసింది. తాను టెంపరరీ అన్న సంగతి గుర్తొచ్చి మళ్లీ మూత పెట్టింది.

కాశీనాథం గారికి ‘గ’ మీద కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఆయన గిన్నెలు, గరిటెలు, గంగాళాలు అమ్మి పైకొచ్చిన మనిషి. స్టీలు సామాన్ల దుకాణం ఇప్పటికీ పాత బస్టాండు దగ్గర ఉంది. నెల కిందట హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో బడుల యజమానుల సదస్సు జరిగితే వెళ్లారు. మధ్యాహ్నం పక్కన కూర్చున్న టై పెద్దమనిషిని, గీడ ఛాయ్ ఏడ దొరుకుతది సార్ అని అడిగారు. ఆ పెద్దమనిషి జవాబు చెప్పలేదు, నవ్వాడు. ఆ నవ్వు సిద్దిపేట దాకా వెంట వచ్చింది. ఛాయ్ తాగకుండా తిరిగొచ్చిన కాశీనాథం గారు, తనకు జరిగింది తన బడిలోని పదకొండు వందల మంది పిల్లలకు జరగకూడదని ఆ రాత్రే నిర్ణయించుకున్నారు. ఇంత దయగల నిర్ణయాలు మన జిల్లాలో అరుదు.

అమలులో మొదటి రోజు చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. ప్రార్థన అయ్యాక పిల్లలు గుడ్ మార్నింగ్ చెప్పాలి. గుడ్‌లో గు ఉంది. పదకొండు వందల మంది నోళ్లు తెరిచి, ఒకరినొకరు చూసుకుని, మూశారు. లెక్కల సారు గణితం అనలేక బోర్డు మీద వేలు పెట్టి చూపించాడు. తెలుగు సారు చక్కగా అనబోయి చక్క దగ్గర ఆగాడు. ఇదంతా కాశీనాథం గారు ఓపికతో భరించారు. పదకొండింటికి అటెండరు వచ్చి, మీకు ఫోనొచ్చింది కాశీనాథం, అన్నప్పుడు మాత్రం ఓపిక అయిపోయింది. పావుగంటలో రెండో సర్క్యులర్ వచ్చింది. మాట చివర వచ్చే గా, పేరు చివర వచ్చే గారు, గుడ్ మార్నింగ్, గణితం ఇత్యాదులకు మినహాయింపు ఇవ్వడమైనది. ఎటో ఒకవైపు వేలు పెట్టి చూపిస్తున్నట్టు మాట ముందు వచ్చే గా, గీలు మాత్రమే నేరం.

నేరానికి శిక్ష కూడా దుకాణం నుంచే వచ్చింది. సిద్దిపేటలో స్టీలు గిన్నె కొన్నవాళ్లు దాని మీద పేరు కొట్టించుకోకుండా ఇంటికి పోరు. ఆ పేర్లు కొట్టేది జానీ పాషా. ముప్పై ఏళ్లుగా చేతిలో చిన్న మెషీను పట్టుకుని జిల్లాలోని సగం వంటిళ్లకు పేర్లు పెట్టాడు. పొద్దున బడిలో అటెండరు పని, సాయంత్రం దుకాణంలో మెషీను పని. కాశీనాథం గారి ఆజ్ఞ మీద అతను ఒక స్టీలు పళ్లెం మధ్యలో పెద్దగా ‘గ’ అని కొట్టి, అంచుకు రంధ్రం పెట్టి తాడు కట్టాడు. గా అన్న పిల్ల మెడలో ఆ పళ్లెం వేస్తారు. గా అన్న ఇంకొకరిని పట్టిచ్చేదాకా అది వాళ్ల మెడలోనే ఉంటుంది. పోటీ ఉంటే పిల్లలు చురుగ్గా తయారవుతారని కాశీనాథం గారి అభిప్రాయం.

పళ్లెం ఎక్కువ కాలం ఆరో తరగతి సాత్విక మెడలో ఉంది. ఆ పిల్ల అమ్మానాన్నలు పొద్దంతా బట్టల దుకాణంలో ఉంటారు. పెంచింది నానమ్మ ప్రమీలమ్మ. ఆమెది కొండపాక. ఆ పిల్ల నోట్లో గా, గీ లేకుండా వాక్యం కదలదు. మొదటి రోజు సాత్విక పళ్లెంతో ఇంటికి పోతే ప్రమీలమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. వాళ్ల ఇంటిపేరు గడ్డం. బడివాళ్లు పిల్లకు ఫస్టు ప్రైజు ఇచ్చి, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కొట్టించారని ఆమె అర్థం చేసుకుంది. ఆ రాత్రి అందులోనే అన్నం పెట్టింది. వారానికి మూడు నాలుగుసార్లు అదే ప్రైజు రావడం చూసి వాడకట్టులో చెప్పుకుంది కూడా. సాత్విక నిజం చెప్పలేదు. నానమ్మ సంతోషం పాడుచేయడం ఎందుకని, సంగతి విన్న ఎస్తేర్ కూడా చెప్పలేదు.

ఇక ఎస్తేర్ సంగతి. బడి గేటు పక్కన స్టాఫ్ బోర్డు ఉంది. దుకాణంలో మిగిలిన స్టీలు రేకు మీద ప్రిన్సిపల్ పేరు, లెక్కల సారు పేరు, సైన్సు మేడం పేరు జానీ పాషా వరసగా కొట్టాడు. ఇంగ్లీషు టీచర్లు ఏటా మారుతున్నందువల్ల, స్టీలు మీద కొట్టింది చెరపడం కుదరనందువల్ల, యాజమాన్యం దూరదృష్టితో ‘ఇంగ్లీష్: ఏ టీచర్’ అని కొట్టించింది. ఇంగ్లీషులో ఏ టీచర్ అంటే ఎవరో ఒక టీచర్. ఎస్తేర్ ఎవరో ఒక టీచర్‌గా చేరి మూడేళ్లయింది. రోజూ మిరుదొడ్డి బస్సు దిగి ఆ బోర్డు ముందు నుంచే లోపలికి పోతుంది. పర్మనెంటు అయిన వాళ్ల పేరే దాని మీద ఎక్కుతుంది.

ఇంటి దగ్గర ఆమె తల్లి వారానికోసారి అదే అడుగుతుంది. ఎస్తేర్ ఒకసారి విసిగి, బోర్డు మీద ‘ఏ టీచర్’ అని ఉందని ఉన్నదున్నట్టు చెప్పింది. తల్లికి కోపం వచ్చింది. “నేనడిగేది గదే గద బిడ్డా. ఏ టీచరని ఉన్నది?” అంది. ఇంగ్లీషు వ్యాకరణం తెలియని ఆ మనిషి అడిగిన దానికి ఇంగ్లీషులో ఎమ్మే చదివిన కూతురు దగ్గర జవాబు లేదు. పేరు ఎక్కిన రోజు చెప్పు, బస్సెక్కి వచ్చి చూసిపోతానని తల్లి ఎప్పుడో చెప్పి పెట్టింది. ఎస్తేర్ ఆ రోజు కోసం చూస్తోంది.

అర్ధ సంవత్సర పరీక్షలో ఆరో తరగతికి రెండు వాక్యాలు అనువాదానికి వచ్చాయి. ఒక కుక్క వచ్చింది. ఆ కుక్క మొరిగింది. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది ‘వన్ డాగ్ కేమ్, ఏ డాగ్ బార్క్‌డ్’ అని రాశారు. ఎస్తేర్ పేపర్లు ముందేసుకుని కూర్చుంది. ఒకరు తప్పు రాస్తే తప్పు. ముప్పై తొమ్మిది మంది ఒకే తప్పు రాస్తే దాని వెనక ఏదో ధర్మం ఉండాలి. వెతికితే దొరికింది. పిల్లలు ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఆ అనడానికి ఇంగ్లీషు ఏ కొడతారు. బడి వాళ్లకు ‘గా’ మాన్పించి ‘ఆ’ నేర్పింది. వాళ్లు ‘ఆ కుక్క’ను ‘ఏ డాగ్’ చేశారు. తెలిసిన కుక్క ఎవరిదో తెలియని కుక్క అయి కూర్చుంది.

‘ది’తో వచ్చిన చిక్కు ఇంకోటి. నాది, నీది, మాది అన్నప్పుడు చివర వచ్చే ది, ఇంగ్లీషు ‘ది’ ఒకటేనని పిల్లలు నిష్కపటంగా నమ్మారు. కాబట్టి నాది పెన్ను అంటే ‘మై ది పెన్’. మీది ఇల్లు అంటే ‘యువర్ ది హౌస్’. ఇవన్నీ మామూలు సంగతులుగానే గడిచిపోయేవి, బడి గోడపత్రికలో మన పాఠశాల అనే వ్యాసం రాకుండా ఉంటే. అందులో ఒక పిల్లవాడు ఎంతో భక్తితో ‘ఏ కరస్పాండెంట్ కమ్స్ డైలీ ఇన్ ఏ కార్’ అని రాశాడు. బ్యాంకులో పనిచేసే ఒక తండ్రి దాన్ని చదివి నవ్వి, ఎవడో ఒక కరస్పాండెంటు రోజూ ఏదో ఒక కారులో వస్తాడట అని కాశీనాథం గారికి అర్థం విప్పి చెప్పాడు.

కాశీనాథం గారు ఎస్తేర్‌ను పిలిపించారు. సొంత డబ్బుతో కట్టిన బడిలో, సొంత కారులో దిగే మనిషిని ఎవడో ఒకడు అనడం ఆయన మనసును నిజంగానే గాయపరిచింది.

“మేడం, నేను ఎవడో ఒకణ్నా? పిల్లగాండ్లకు నేను తెలువదా?” అన్నారు.

తెలుసు సార్, కాకపోతే ‘ది’ పెట్టాలన్న సంగతి తెలియదు అని ఎస్తేర్ వివరించింది. ‘ది’ పెడితే అందరికీ తెలిసిన మనిషి అవుతాడా అని ఆయన అడిగారు. అవుతారంది. అయితే ఫిబ్రవరిలో జరిగే ఇంగ్లీషు మహోత్సవం నాటికి ఆరో తరగతి అంతా ఏ, ది తప్పు లేకుండా చెప్పాలనీ, చెబితే పర్మనెంటు చేసి బోర్డు మీద ఆమె పేరు కొట్టిస్తాననీ, చెప్పకపోతే ఆమె వేరే బడి చూసుకోవచ్చనీ కాశీనాథం గారు సెలవిచ్చారు. ఎవరో ఒక టీచర్ అని మూడేళ్లు అనిపించుకున్న మనిషి, ఒక్క రోజు ఎవడో ఒకడు అనిపించుకున్న మనిషి బాధను గంభీరంగా విని బయటికొచ్చింది.

ఎస్తేర్ గట్టి టీచర్. మర్నాడే నామవాచకాన్ని పెళ్లికొడుకును చేసింది. ఇంగ్లీషులో నామవాచకం ఒంటరిగా నడవదు, ఊరేగింపుతో వస్తుంది అని చెప్పింది. అన్నిటికన్నా ముందు బ్యాండు. ఏ, ది, మై, దిస్, ఇవన్నీ బ్యాండు. వెనక ఎగిరే దోస్తులు విశేషణాలు. చివర గుర్రం మీద పెళ్లికొడుకు. ది బిగ్ బ్లాక్ డాగ్ అన్నప్పుడు డాగే పెళ్లికొడుకు. పిల్లలకు ఇది బాగా నచ్చింది, డీజే ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగారు. ఒక ఊరేగింపుకు ఒకే బ్యాండు అన్నది రూలు. మై ఉన్నాక ది ఎందుకు, రెండు బ్యాండ్లు పెడితే కొట్లాట అవుతుంది అనగానే ‘మై ది పెన్’ ఆ పూటతో ఆగిపోయింది.

ఏ బ్యాండు పెట్టాలన్నది మాత్రం ఆగలేదు. డిసెంబరు గడిచిపోతున్నా పిల్లలు ‘ఏ సన్ రైజెస్’ అంటూనే ఉన్నారు. సిద్దిపేటలో రోజూ ఎవరో ఒక సూర్యుడు ఉదయిస్తున్నాడు. తెలిసినదానికి ‘ది’, అంటే ‘ఆ’ అని ఎస్తేర్ చెప్పిన ప్రతిసారీ, పిల్లలు తలలూపి ‘ఏ’ రాశారు. తప్పు రాయని నలభయ్యో పేపరు ఎవరిదో ఆమె అప్పుడు వెతికింది. అది సాత్వికది. బడిలో అందరికన్నా ఎక్కువసార్లు పళ్లెం మోసిన పిల్ల.

ఇంటర్వెల్లో పిల్చి, నీకెలా తెలుస్తోందని అడిగింది. సాత్విక మొదట తలుపు వైపు చూసింది. పళ్లెం ఎలాగూ తన మెడలోనే ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుంది.

“మా నానమ్మ కథ చెప్పినట్టే టీచర్. ఒక రాజుండె అంటది. మల్ల, గా రాజుకు ముగ్గురు బిడ్డలు అంటది. మొదాలొచ్చినప్పుడు ఆయన మనకు ఎర్కలేదు. మల్లొచ్చినప్పుడు ఎర్కైతడు. ఎర్కలేనోనికి ఏ. ఎర్కున్నోనికి గా.”

మిరుదొడ్డిలో ఎస్తేర్ తల్లి కూడా కథ అలాగే చెబుతుంది. గా అన్న మాట ఏ అన్న అక్షరంలా కనబడదు, వినబడదు, కాబట్టి పొరపాటుకు చోటు లేదు. ఆరేళ్లుగా నాలుగు బడుల్లో తాను చెప్పలేక చస్తున్న సంగతి ఈ పిల్లల నోళ్లలో ముందే ఉంది. ఆ నోళ్లలోంచి దాన్ని తీసేయడానికే బడి పెట్టారు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. క్లాసులో గా అంటే ఉద్యోగం పోతుంది. అనకపోతే ఫిబ్రవరిలో పోతుంది. ఎటూ పోయేదే అయినప్పుడు పిల్లలకు వచ్చి పోవడం మేలనుకుంది.

మర్నాటి నుంచి ఆరో తరగతి ఇంగ్లీషు పీరియడు కిటికీలు మూసి జరిగింది. ‘గ’ పళ్లెం బల్ల మీద బోర్లా ఉండేది. ఒక కుక్క అచ్చింది అని ఎస్తేర్ అంటే, గా కుక్క మొరిగింది అని నలభై మంది లోగొంతుకతో అనేవాళ్లు. గా అన్నచోట ది, ఏదో ఒకటి అన్నచోట ఏ. గా సూర్యుడు, ది సన్. గా చంద్రుడు, ది మూన్. దొంగతనంగా నేర్చుకుంటున్న చదువు కాబట్టి పిల్లలకు ఒక్క ముక్క కూడా మరుపు రాలేదు. కాశీనాథం గారి కారు గేట్లో తిరగగానే జానీ పాషా వేళ కాని వేళ గంట కొట్టేవాడు. ఎందుకు కొట్టావని అడిగితే గంట బాగుందో లేదో చూస్తున్న సార్ అనేవాడు. జనవరి అంతా ఆ గంట చాలా బాగుంది.

మహోత్సవం రానే వచ్చింది. ఫంక్షన్ హాలు నిండా తల్లిదండ్రులు. ముందు వరసలో ప్రమీలమ్మ, పట్టుచీర కట్టుకుని. హైదరాబాదు నుంచి ముఖ్య అతిథి డాక్టర్ లింగమూర్తి గారు వేంచేశారు. ఇంగ్లీషు బోధనలో అంతర్జాతీయ శిక్షకులు. ఆయన ఎక్కడ శిక్షణ ఇచ్చినా అది అంతర్జాతీయమే అవుతుంది. పక్కన కాశీనాథం గారు కొత్త కోటులో కూర్చున్నారు. ఆరో తరగతి పిల్లలు నలభై మంది వేదిక మీద నిలబడ్డారు. ఎస్తేర్ తెర పక్కన నిలబడింది. రేపు సాయంత్రం కబురు చెబుతానని పొద్దున్న బయల్దేరేటప్పుడే తల్లికి చెప్పింది.

అతిథి ఖాళీలు ఇచ్చారు, పిల్లలు నింపారు. పదికి పది. ఇరవైకి ఇరవై. ‘ది కరస్పాండెంట్ కేమ్ ఇన్ ది కార్’ అన్నప్పుడు కాశీనాథం గారి కళ్లు చెమర్చాయి. లింగమూర్తి గారికి అనుమానం వచ్చింది. ఇంత చక్కగా చెప్పే పిల్లల్ని ఆయన శిక్షణలో ఎన్నడూ చూడలేదు. బట్టీ పట్టించారేమోనని, సాత్వికను మైకు దగ్గరకు పిల్చి, సన్ ముందు ‘ది’ ఎందుకు పెట్టావమ్మా అని తెలుగులోనే అడిగారు.

సాత్విక ఎస్తేర్ వైపు చూసింది. ఎస్తేర్ ఏ సైగా చేయలేకపోయింది. నిజం చెప్పమనాలా, అబద్ధం చెప్పమనాలా, ఆమెకే తోచలేదు.

“గా సూర్యుడు గద సార్,” అంది సాత్విక మైకులో. “అందరికి ఎర్కున్నోడే గద.”

కాశీనాథం గారి కుడిచెయ్యి పళ్లెం కోసం అప్రయత్నంగా వెతికింది. లెక్కల సారు నేల చూశాడు. ప్రమీలమ్మ ఒక్కతే, మనుమరాలికి మళ్లీ ప్రైజు వచ్చిందనుకుని, చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే లింగమూర్తి గారు కుర్చీలోంచి లేచారు. మాతృభాషాధారిత నిర్దేశక బోధన అనీ, ప్రపంచం ఎదురుచూస్తున్నది దీని కోసమే అనీ, వచ్చే నెల ఢిల్లీలో తాను ఇవ్వబోయే ప్రసంగానికి ఇది పనికొస్తుందనీ అన్నారు. ఈ పద్ధతి ఎవరిదని కాశీనాథం గారి వైపు తిరిగి అడిగారు.

కాశీనాథం గారు గిన్నెల వ్యాపారి. గిరాకీ ఎటు తిరిగిందో ఆయనకు అందరికన్నా ముందు తెలుస్తుంది. కోటు సర్దుకుని మైకు అందుకున్నారు.

“సభాసదులారా, ఈ పద్ధతి నాది. పదేళ్లుగా రహస్యంగా పరిశోధిస్తున్నాను. ‘గా’ను నిషేధించినది కూడా పరిశోధనలో భాగమే. ఒక వస్తువు విలువ తెలవాలంటే ముందు దాన్ని బంద్ పెట్టాలె. బంద్ పెట్టినం. ఇప్పుడు విలువ తెలిసింది. గీ విషయంల మన సిద్దిపేట దేశానికే దారి చూపెడుతదని మనవి.”

హాలు మార్మోగింది. ముఖ్య అతిథికి జ్ఞాపికగా స్టీలు పళ్లెం బహూకరించారు. తొందరలో జానీ పాషా చేతికి దొరికింది ‘గ’ పళ్లెమే. లింగమూర్తి గారు దాన్ని తల పైకెత్తి ఫొటో దిగారు. ఆ తరవాత కాశీనాథం గారు దాన్ని మర్యాదగా వెనక్కి తీసుకుని, ఇంకోటి ఇచ్చారు.

మర్నాడు పొద్దున ఎస్తేర్ టేబుల్ మీద కవరు ఉంది. పర్మనెంటు ఉత్తర్వు అనుకుని విప్పింది. ‘ఏ టీచర్ ఈజ్ రిలీవ్డ్ ఫ్రమ్ ది సర్వీసెస్ ఆఫ్ ది స్కూల్’ అని ఉంది. కారణాలు రెండు. ఒకటి, నిషేధం అమల్లో ఉన్న డిసెంబరు, జనవరి నెలల్లో ఆమె తరగతి గదిలో గా అన్న మాటను వాడినట్టు రుజువైంది. రెండు, పద్ధతిని కనిపెట్టినవారు కరస్పాండెంటు గారు అయినందున, అదే పద్ధతి తెలిసిన ఇంకొకరు ఆవరణలో ఉండడం వల్ల తల్లిదండ్రుల్లో అయోమయం ఏర్పడగలదు.

ఎస్తేర్ ఆయన గదికి పోయింది. కాశీనాథం గారికి ఆమె మీద కోపమేమీ లేదు. కూర్చోమన్నారు, ఛాయ్ తెప్పించారు.

“మీరే చెప్పిన్రు గద మేడం. ఒక్క ఊరేగింపుకు ఒక్కటే బ్యాండు,” అన్నారు ఆప్యాయంగా.

ఆమె ఛాయ్ ముట్టుకోలేదు. మొదటి సర్క్యులర్ దగ్గర మూత పెట్టేసిన ఎర్ర పెన్ను తీసింది. ఉత్తరంలో మొదటి మాట కింద గీత గీసి, కాగితం ఆయన వైపు తిప్పింది. “సార్, గిక్కడ తప్పున్నది. ఏ టీచర్ అని రాసిన్రు. మూడేండ్ల సంది మీ కండ్ల ముందల తిరుగుతున్న. నేను మీకు ఎర్కనే గద. ది పెట్టాలె.”

కాశీనాథం గారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు ఆలోచించారు. ఆయన వ్యాకరణం మీద నిజంగా మనసు పెట్టిన సందర్భం అదొక్కటే.

“ఆర్నెల్లల్ల మర్చిపోతం మేడం,” అన్నారు. “గప్పుడు కరెక్టే అయితది.”

ఎస్తేర్ కాగితం మీద పదికి మూడు వేసి, సంతకం చేసి, బల్ల మీద పెట్టి వచ్చేసింది. బస్సులో కూర్చున్నాక ఏడ్చింది. సాయంత్రం చెబుతానన్న కబురు తల్లికి ఏమని చెప్పాలో మిరుదొడ్డి దారి మొత్తంలో ఆమెకు తోచలేదు.

బడి మాత్రం బాగా నడుస్తోంది. ‘కాశీ గా పద్ధతి’ కోసం వచ్చే ఏడాది అడ్మిషన్లు అప్పుడే నిండిపోయాయి. గా ప్రయోగశాల కట్టారు. బోధనకు హైదరాబాదు నుంచి లింగమూర్తి గారి శిష్యుడు వివేక్ సారు వచ్చాడు. అతనికి గా నోరు తిరగదు, ‘గ్యా’ అంటాడు. అదే అంతర్జాతీయ ఉచ్చారణ అని తేల్చారు. ఇంట్లో పిల్లలతో రోజూ అరగంట గ్యా సాధన చేయించాలని తల్లిదండ్రులకు సర్క్యులర్ వచ్చింది. ప్రమీలమ్మ సంబరపడి, నేను పొద్దంతా గట్లనే మాట్లాడుత, పిల్లగాండ్లను నా దగ్గరికి తోలుండ్రి అని బడికి వెళ్లి చెప్పింది. శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉందా అని అడిగి పంపేశారు.

పళ్లెం రద్దు కాలేదు. గ్యా అనాల్సిన చోట మామూలుగా గా అన్న పిల్లల మెడలో ఇప్పుడు దాన్ని వేస్తున్నారు. అది మళ్లీ సాత్విక దగ్గరే ఉంది. మల్ల ఫస్టొచ్చినవా బిడ్డా అని ప్రమీలమ్మ అందులో అన్నం పెడుతోంది.

బోర్డు సంగతి ఒకటి మిగిలింది. ఇంగ్లీష్: ఏ టీచర్ అన్న వరస అలాగే ఉంది. మార్చి నెలలో ఒక ఉదయం దాని కింద ఇంకో వరస కనిపించింది. ‘గా టీచర్’ అని. అడిగిన దానికి జవాబు చెప్పినట్టు, లోతుగా, చెరపరాకుండా ఉంది. దోషిని పట్టుకోమని కాశీనాథం గారు జానీ పాషాను ఆదేశించారు. అతను వంగి చూసి, వేలితో తడిమి, ముప్పై ఏళ్ల అనుభవంలో ఇలాంటి చేతిరాత ఈ ఊళ్లో తాను చూడలేదని నివేదించాడు. ఇంతలో అడ్మిషను కోసం వచ్చిన ఒక తండ్రి అది పద్ధతికి ప్రచారం అనుకుని మెచ్చుకోవడంతో, కాశీనాథం గారు విచారణ ఆపించి, అక్కడ రెండు లైట్లు పెట్టించారు.

రోజూ సాయంత్రం ఆరో తరగతి పిల్లలు ఆ లైట్ల కింద కాసేపు నిలబడి వ్యాను ఎక్కుతారు. తల్లిదండ్రులు కూడా నిలబడి ఫొటోలు దిగుతారు. బోర్డు మీద ఉన్నది ఎవరని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఈ కథ రాసేటప్పుడు మేం కూడా మనుషుల మాటల్లో తప్ప మా సొంతానికి ఆ, ఈ అనే రాశామని మీరు గమనించే ఉంటారు. అచ్చులోకి పోయేది కదా, మాకూ పరువుంది. మీ పరువు గురించి మేం అడగం. చిన్న ప్రశ్న మాత్రం ఉంది. మీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది ఏ టీచర్?

అవును, కరెక్టే. ఏ టీచరే.